లాభం, రెండు, మూడు...

అమ్మ సంవత్సరీకానికి ఊరికి పోయినప్పుడు అక్క ట్రంకు పెట్టె తెరిచింది. పైన రెండు జాకెట్లు, కళ్ళద్దాల డబ్బా, పింఛను పుస్తకం. అడుగున పాత పేపర్‌లో చుట్టిన గుడ్డ ఒకటి. పేపర్ విప్పగానే గదంతా వాసన కమ్మింది. నూనె వాసన, బూడిద వాసన, వాటి వెనక ఎక్కడో కొంచెం మురుగు వాసన. అక్కా నేనూ మొహాలు చూసుకున్నాం.

"తాత రుమాలు" అంది అక్క.

తేలియా రుమాల్ అంటే ఈ తరం పిల్లలకు తెలియకపోవచ్చు. ఎరుపు, నలుపు, తెలుపు, మూడే రంగులు. నూలును ఆముదం కాయల బూడిద నీళ్ళలో, నూనెలో పిసికి నానబెట్టి, ఆరబెట్టి, మళ్ళీ నానబెట్టి, ఇట్లా రెండు మూడు వారాలు చేస్తే తప్ప ఆ ఎరుపు పట్టదు. దీని పుట్టిల్లు చీరాల. మా వైపు పుట్టపాకలో ఇంకా బతికి ఉంది. ఒకప్పుడు అరబ్బు దేశాలకు పోయేదట, తలకు చుట్టుకుంటే ఎండకు చల్లగా ఉంటుందని. 2020లో దీనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మా తాతకు మాత్రం ఏ గుర్తింపూ రాలేదు. ఆయన పోయి నలభై ఏళ్ళు దాటింది, ఆయన కలిపిన నూనె వాసన పోలేదు.

నాకు ఆ వాసనతో తాత మొహం గుర్తుకు రాలేదు. అమ్మ లెక్క వినపడ్డది.

* * *

మాది చౌటుప్పల్ దాటి నారాయణపురం పోయే దారిలో ఒక సాలోళ్ళ ఊరు. అప్పట్లో అంతా నల్లగొండ జిల్లానే. 2016లో జిల్లాలు విడగొట్టాక యాదాద్రి భువనగిరి అయింది గానీ, నా నోటికి ఇప్పటికీ నల్లగొండే వస్తుంది.

ఇంట్లో రెండు గుంత మగ్గాలు. ఒకటి నాయనది, రెండోది పెద్దయ్యాక అన్నది. నూలు పోసే మేకుల చట్రం, ఆసు, అమ్మది. ఆసు పోసుడు ఆడవాళ్ళ పని అని ఎవరు రాసిపెట్టారో తెలియదు, మా ఊళ్ళో ఏ మగాడూ ఆసు ముందు కూర్చోగా నేను చూడలేదు.

పోచంపల్లి చీరకు డిజైన్ రావాలంటే నూలుకు ముందే చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట గట్టిగా బిగించి కట్టి, రంగులో ముంచాలి. చిటికి కట్టడానికి ముందు ఆ నూలును ఆసు మీద పోయాలి. ఒక పక్క ఒక్కటే మేకు. దానికి ఎదురుగా సగం చందమామలాగా వరసగా మేకులు. దారం పట్టుకున్న చెయ్యి ఈ మేకు నుంచి ఆ మేకుకు పోవాలి, తిరిగి రావాలి, పక్క మేకుకు పోవాలి, రావాలి. ఒక్క చీరకు చెయ్యి తొమ్మిది వేల సార్లు పోయి రావాలి. నాలుగైదు గంటల పని. రెండు చీరలకు పోసిన రోజు పద్దెనిమిది వేలు. ఈ అంకెలు నేను పెద్దయ్యాక విన్నవి. అమ్మకు పద్దెనిమిది వేలు తెలియదు. ఆమెకు చింతగింజలు తెలుసు.

పక్కన ఒక సత్తు గిన్నె ఉండేది. మేకులన్నీ ఒక చుట్టు అయితే అందులో ఒక చింతగింజ. టక్. మళ్ళీ మొదటి నుంచి లెక్క. గింజలు కొలిచేటప్పుడు మా వైపు ఒకటి అనరు, లాభం అంటారు. అమ్మ దారాన్నీ అట్లనే లెక్కపెట్టేది.

"లాభమే రామా... రెండాయె రామా... మూడాయె రామా..."

మధ్యలో ఒక ఆగుడు. చెయ్యి మేకు మారేటప్పుడు ఊపిరి తీసుకునే చోటు. మధ్య మేకులకు చిన్న ఆగుడు చాలు. చివరి మేకులకు ఒళ్ళు వంచాలి కాబట్టి పొడుగు. అక్కడ "హు" అనేది, గట్టిగా కాదు, ముక్కుతో. చంటిప్పుడు నన్ను పక్కన గోనెసంచి మీద పండబెట్టి ఆసు పోసేదట. నాకు జోలపాట పాడలేదని ఒకసారి నిష్టూరమాడితే, "తొమ్మిది వేలు పాడిన, ఇంకెన్ని పాడాల్రా" అంది.

లెక్క తప్పితే చీర తప్పినట్టే. అందుకే ఆసు మీదున్నప్పుడు అమ్మ ఎవరితోనూ మాట్లాడేది కాదు. కానీ ముగ్గురు పిల్లలున్న ఇంట్లో మాట్లాడకుండా ఎట్లా కుదురుతుంది? బడి నుంచి రాగానే నేను "అమ్మా, ఆకలైతుంది" అని అరిచేవాణ్ణి. లోపలి నుంచి జవాబు వచ్చేది:

"పదమూడాయె రామా... కుండల ఉన్నది రామా... పద్నాలుగు రామా... అక్కకు ఉంచర రామా..."

అంకె పోదు, చెయ్యి ఆగదు, సంగతి చేరిపోతుంది. పక్కింటి పెద్దమ్మ బాకీ డబ్బులకు వచ్చినా అదే వరస. "ఇరవై ఆయె రామా... శుక్రారం ఇస్తమె రామా..." పెద్దమ్మ నవ్వలేక, కోపం ఆపుకోలేక వెళ్ళిపోయేది. తర్వాత నేను పాటలు రాయడం మొదలుపెట్టినప్పుడు, వరస చెడకుండా ఏ మాటనైనా ఎట్లా ఇరికించాలని నన్ను చాలామంది అడిగారు. ఏ పుస్తకం చదివావన్నారు. ఏం చెప్పను, కుండలో అన్నం ఉందని చెప్పిన పద్ధతే అది.

* * *

అమ్మ ఒక్కతే అంటే మిగిలినవాళ్ళకు అన్యాయం చేసినట్టవుతుంది.

నాయన మగ్గానికి ఒక చప్పుడు ఉండేది. కాలు తొక్కితే ఒకటి, నాడె అటు పోతే ఒకటి, పలక గుద్దితే ఒకటి. మగ్గం పక్క గోడకు మేకు కొట్టి రేడియో తగిలించాడు. పాత పాట నెమ్మదిగా వస్తుంటే ఆ చప్పుడు పాటలో కలిసిపోయేది. హుషారు పాట వచ్చిందంటే టక్కున కట్టేసేవాడు. "దీనెంబడి ఉరికితే పోగు తెగుతది" అనేవాడు. ఒక పాట ఆయన కాళ్ళకు కుదిరితే మంచి పాట, కుదరకపోతే కాదు. ఇంతకంటే నిక్కచ్చి విమర్శకుణ్ణి నేను తర్వాత చూడలేదు.

ఏడాదికో రెండేళ్ళకో కూనపులోళ్ళు వచ్చేవాళ్ళు. పద్మశాలీలకే కథ చెప్పేవాళ్ళు. పొడుగాటి బొమ్మల పటం చుట్ట విప్పుతూ, ఒక్కొక్క బొమ్మ దగ్గర పుల్ల పెట్టి మార్కండేయ పురాణం పాడేవాళ్ళు. పులి మీద కూర్చున్న భావనాఋషి బొమ్మ వచ్చేదాకా మేం పిల్లలం కదిలేవాళ్ళం కాదు. వాళ్ళ దగ్గర నేను చూసింది ఒకటి ఉంది. బొమ్మ కనపడుతుంటే దాన్ని పాటలో వర్ణించరు. బొమ్మలో లేనిదే పాడతారు, అంటే ఆయన ఏమన్నాడు, ఆమె ఎందుకు అలిగింది. ఇది ఎంత పెద్ద సంగతో నాకు వీడియో పాటలు వచ్చాక గానీ అర్థం కాలేదు.

పీర్ల పండుగకు గుండం చుట్టూ డప్పులు. చిర్రతో ఒక దెబ్బ, సిటికెన పుల్లతో సన్నగా రెండు. "అసైదులా" అంటూ సాలోళ్ళు, గొల్లోళ్ళు, మాదిగోళ్ళు, సాయబులు అందరూ ఎగిరేవాళ్ళు. తెల్లారితే ఎవరి వాడ వాళ్ళదే, అది వేరే మాట. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి గట్టు మీద రెండేళ్ళకోసారి జరిగే లింగమంతుల జాతరకు కూడా ఒకసారి తీసుకుపోయారు. భేరీల మోతకు నాకు కడుపులో తిప్పింది. పాటేదీ గుర్తులేదు, కడుపు మాత్రం గుర్తుంది.

మా ఊళ్ళో ముసలివాళ్ళు తెలంగాణ సాయుధ పోరాటం రోజుల పాటలు పాడేవాళ్ళు. సుద్దాల హనుమంతు పేరు అప్పుడే విన్నాను. గొల్లసుద్దుల వరసల్లో దొరల మీద పాటలు కట్టినాయన. ఆయనా చేనేత ఇంట్లోనే పుట్టాడని తెలిసిన రోజు నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను. సాలె పిల్లగాడు కూడా పాట కట్టొచ్చన్నమాట.

* * *

అన్న మహారాష్ట్రలోని భివండి, మావాళ్ళ నోట బీమండి, పోయింది నేను పదో తరగతిలో ఉన్నప్పుడు. ఊళ్ళో షావుకారు నూలు ఇవ్వడం తగ్గించాడు, మజూరీ పెంచలేదు. భివండిలో పవర్‌లూమ్‌లు, నెలకు రొక్కం. అప్పటికే మా వాడలో పది మంది పోయారు. భివండి, షోలాపూర్, సూరత్, ఎక్కడ చూసినా మావాళ్ళే. మొదటి ఏడాది బతుకమ్మ పండుగకు వచ్చాడు. రెండో ఏడాది మనియార్డర్ వచ్చింది. మూడో ఏడాది అదీ ఆలస్యంగా వచ్చింది.

అమ్మ ఏడవలేదు. లెక్క మార్చలేదు. ఒక సాయంత్రం మాత్రం నేను గడప మీద కూర్చుని ఉంటే లోపల్నుంచి ఇట్లా వినపడ్డది:

"ముప్పై ఆయె రామా... పోయింది వచ్చె రామా... ముప్పై ఒకటాయె రామా... పోయినోడు రాకపాయె రామా..."

తర్వాత చింతగింజ చప్పుడు. టక్.

నేను ఆ రాత్రి నోట్‌బుక్‌లో వెనక పేజీలో రాసుకున్నాను. నా మొదటి పాట అదే.

"పోయిందె దారం, వచ్చిందె దారం
పోయిండె కొడుకు, రాకపాయె కొడుకు
మేకుకు మేకుకు చెయ్యెంత దూరం
బీమండికి నాకు రైలెంత దూరం"

రామా అన్న మాట తీసేశాను. అప్పట్లో నాకు అదేదో పాతకాలం మాటలా అనిపించింది. ఇప్పుడైతే తీయను.

* * *

తర్వాత ఆర్టీసీలో కండక్టర్ ఉద్యోగం వచ్చింది. నల్లగొండ, దేవరకొండ రూట్. అమ్మ నన్ను పంపుతూ చెప్పింది ఒక్కటే: "మొదటి టికెట్టు లాభమనుకొని కొట్టు."

నిజంగానే అట్లా అనుకుని కొట్టేవాణ్ణి. తొలి బస్సులో దేవరకొండ తండాల లంబాడీ ఆడవాళ్ళు వెనక సీట్లలో కూర్చుని గుంపుగా పాడేవాళ్ళు. ఒకరు అందుకుంటే మిగిలినవాళ్ళు లాగేవాళ్ళు, చేతుల గాజులే తాళం. భాష నాకు సగం కూడా తెలియదు. ఎక్కడ నవ్వాలో, ఎక్కడ ఊరుకోవాలో తెలిసేది. మహబూబ్‌నగర్ వైపు నుంచి వచ్చే గుంపులు వేరు. మేస్త్రీ ముందు, కూలీలు వెనక, మూటలు, తట్టలు, చంకలో పిల్లలు. వాళ్ళు పాడేవాళ్ళు కాదు. ఎటు పోతున్నారంటే ఏదో ఒక డ్యాం పేరో కాలువ పేరో చెప్పేవాళ్ళు. బస్సు నిండా మనుషులు, చప్పుడు లేదు. ఆ చప్పుడు లేకపోవడం మీద పాట రాయాలని ఇరవై ఏళ్ళుగా అనుకుంటున్నాను, కుదరలేదు.

డిపోలో డబ్బులు కట్టేసి బస్సు తిరిగి బయలుదేరేలోపు టీ కొట్టు దగ్గర రాసుకునేవాణ్ణి. కాగితం దొరక్కపోతే సిగరెట్ ప్యాకెట్ లోపలి అట్ట. నేను ఎప్పుడూ పెన్నుతో మొదలుపెట్టలేదు, చేతితోనే. కుడి చెయ్యి మోకాలి మీద పోయి వస్తుంటే మాటలు వాటంతట అవే వాటి చోట్లలో కూర్చునేవి. పక్కనున్న డ్రైవరు "ఏమైందన్నా, చెయ్యి లాగుతుందా" అని అడిగేవాడు.

బతుకమ్మ పాటలు రాస్తే మాత్రం అక్క దగ్గరికి పోయేవాణ్ణి. వాకిట్లో నలుగురు ఆడవాళ్ళను పిలిచి, మధ్యలో బతుకమ్మ లేకుండానే తిప్పించేది. వంగి చప్పట్లు కొట్టి లేచేసరికి నా లైను అయిపోకపోతే "నీ పాట నడుము పట్టేటట్టుంది" అని తిట్టేది. అప్పుడు ఒక మాట కోసేవాణ్ణి. చివర "ఉయ్యాలో" ఉంటుంది కాబట్టి లోపల ఏం రాసినా చెల్లుతుందని నేను మొదట్లో మోసం చేశాను, ఒప్పుకుంటున్నా. ఆడవాళ్ళు రెండో చుట్టులోనే పట్టేశారు.

* * *

క్యాసెట్ల కాలం అది. హైదరాబాద్‌లో ఒక కంపెనీ జానపదాల క్యాసెట్ వేస్తోందని తెలిసి మా ఊరి గాయకుడొకడు నన్ను లాక్కుపోయాడు. స్టూడియో అంటే ఒక అపార్ట్‌మెంట్‌లో గది. గోడలకు గుడ్లు పెట్టే అట్టలు అంటించి ఉన్నాయి. తబలా వాయించే పెద్దాయన అడిగాడు, "ఏ తాళం బాబూ?"

నాకు తాళాల పేర్లు తెలియవు. గాల్లో ఆసు పోసి చూపించాను. పోయింది, వచ్చింది, మేకు మారింది. ఆయన కాసేపు నా చెయ్యి వైపు చూసి, తొడ మీద కొట్టుకుంటూ లెక్కపెట్టాడు. "ఎనిమిదిలో పడట్లేదు, ఏడులో పడట్లేదు. మధ్యలో ఈ ఆగుడేంది? ఒకసారి పొడుగు, ఒకసారి పొట్టి."

"అది ఊపిరి సార్" అన్నాను.

ఆయనకు అర్థమైంది. పాడేవాడి మొహం చూస్తూ ఆ చోట చెయ్యి ఎత్తి ఆపాడు, వాడు అందుకోగానే దింపాడు. అంత బాగా ఆ పాట మళ్ళీ ఎప్పుడూ రాలేదు. కానీ కీబోర్డు కుర్రాడికి నచ్చలేదు. మిషన్‌లో రిథమ్ పెట్టాక ఆగుళ్ళన్నీ ఒకే పొడుగు ఉండాలన్నాడు. పైగా ఖాళీ ఉంటే క్యాసెట్ చెడిపోయిందనుకుంటారని, అక్కడ ఫ్లూటు బిట్ వేశాడు. బాగానే ఉంది, తీయగా ఉంది. గంటకింత అని స్టూడియో కిరాయి. కాదనే ధైర్యం నాకు లేకపోయింది.

క్యాసెట్ తీసుకుని ఊరికి పోయాను. అమ్మ చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, టేప్‌రికార్డర్ ముందు కూర్చుంది. మొత్తం విన్నది.

"మంచిగున్నది కొడుకా. ఊపిరే తీసుకోనియ్యలే."

అంతే అన్నది. లేచి ఆసు దగ్గరికి పోయింది.

ఇంకొకటి ఉంది. క్యాసెట్ కవరు మీద నా పేరు పక్కన "రచన" అని లేదు, "సేకరణ" అని వేశారు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఫోన్ చేస్తే, జానపదం అంటే అంతే కదా, అందరిదీ అన్నారు. ఇచ్చిందేమో మూడు వందలు. అందరిదీ అయితే ఆ క్యాసెట్ అమ్మిన డబ్బులు అందరికీ పంచారా అని అడగాల్సింది. అడగలేదు. ఇంటికి వచ్చి అమ్మ ముందు తిట్టుకున్నాను. ఆమె నూలు విప్పుతూ, తల ఎత్తకుండా అంది, "నిజమే కదరా. నువ్వు రాసిందేముంది? నా లెక్క ఏరుకపోయినవ్."

అప్పటి నుంచి నా పాటలకు రచన అని వేస్తే ఎంత సంతోషమో అంత సిగ్గు కూడా. సేకరణ అని వేస్తే మాత్రం కోపం తగ్గలేదు. న్యాయం వేరు, కోపం వేరు.

* * *

తెలంగాణ ఉద్యమం రోజుల్లో ధూంధాం ఆటపాటల సభలకు చాలా రాశాను. ఒక్క రాత్రిలో రాసి, పొద్దున వేదిక మీద పాడించినవి ఉన్నాయి. వాటిలో సగం ఇప్పుడు నాకే గుర్తులేవు. అరవడానికి రాసినవి అరుపుతోనే పోయాయి. ఉండాల్సిన చోట ఉపయోగపడ్డాయి, చాలు.

మా ఇంట్లో ఆసు పాట ఆగిపోయింది అంతకుముందే. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తల్లి భుజం నొప్పి చూడలేక ఏళ్ళ తరబడి తంటాలు పడి 1999లో ఆసు మిషన్ తయారు చేశాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. మా ఇంటికి ఆ మిషన్ కొన్నేళ్ళు ఆలస్యంగా వచ్చింది. మొదటి రోజు అమ్మ దాని పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. మిషన్ చెయ్యి పోయి వస్తోంది. అమ్మ చూస్తోంది. నోరు విప్పలేదు. లెక్క మిషనే పెట్టుకుంటుంది కదా.

ఒక పాట చచ్చిపోయిందని నేను ఒక మీటింగ్‌లో బాధగా మాట్లాడి వచ్చాను. జనం చప్పట్లు కొట్టారు. ఆ రాత్రి అక్క అమ్మ భుజానికి నూనె రాస్తుంటే చూశాను. కుడి భుజం ఎడమ భుజం కంటే కిందికి జారి ఉంది, రవికె కుట్టు ఆ పక్క ఎప్పుడూ వంకరే. చెయ్యి తల దాకా లేవదు. దువ్వెన ఎడమ చేత్తోనే పట్టుకునేది. ఇన్నేళ్ళూ నేను లయ, లయ అన్నది దీన్ని. మళ్ళీ ఏ మీటింగ్‌లోనూ ఆ మాట మాట్లాడలేదు.

* * *

సంవత్సరీకం భోజనాలు అయ్యాక పెరట్లోకి పోయాను. పాత ఆసు గోడకు ఆనించి ఉంది. మేకులకు అక్క మిరపకాయల సంచులు తగిలించింది. సంచులు తీసి కింద పెట్టి, కూర్చున్నాను. దారం లేదు. ఒట్టి చెయ్యే ఆడించాను.

"లాభమే రామా... రెండాయె రామా..."

పది దాకా పోయేసరికి భుజం లాగింది. అన్న వాకిట్లో కుర్చీలు సర్దుతున్నాడు. భివండి నుంచి వచ్చేసి పన్నెండేళ్ళయింది, ఇప్పుడు చౌటుప్పల్‌లో వాచ్‌మన్. ఆ పాట తన మీదదేనని అతనికి తెలుసో లేదో నేను ఎప్పుడూ అడగలేదు.

అక్క గిన్నెలు తోముతూ అక్కణ్ణుంచే వింటోంది.

"పన్నెండు రామా... పదమూడు రామా..."

"పదకొండు మరిచినవ్" అంది అక్క. "మళ్ళ మొదటి నుంచి పొయ్యి."